వినడమే నేరమైన చోట - 1988 నాటి ఒక మాటల ఆట

కంప్యూటరు ఆట అనగానే పరుగెత్తే బొమ్మలూ, పేలే తుపాకులూ కళ్ళముందు మెదలడం సహజం. కాని కేవలం మాటలతో నడిచే ఆటల వంశం ఒకటి ఒకప్పుడు వైభవంగా వర్ధిల్లింది. తెర మీద నాలుగు వాక్యాలు కనబడతాయి: మీరెక్కడున్నారు, చుట్టూ ఏమున్నది, ద్వారాలు ఏ దిక్కున ఉన్నాయి. దాని కింద ఒక ఖాళీ పంక్తి. అందులో మీరు ఒక ఆజ్ఞ టైపు చేయాలి. యంత్రం ఆ ఆజ్ఞను అన్వయించుకొని, ఫలితాన్ని మరి నాలుగు వాక్యాలలో చెబుతుంది. ఆట యావత్తూ ఇంతే.

వ్యాకరణం చెప్పి బ్రతికినవాణ్ణి కనుక నాకు ఇందులో మొదట కంటబడినవి రెండు విశేషాలు. ఈ ఆటలలో కథ మధ్యమ పురుషలో నడుస్తుంది. "అతడు వెళ్ళెను" అని ఉండదు, "నీవు వెళ్ళావు" అని ఉంటుంది. ఇక ఆడేవాడు పలికే ప్రతి మాటా విధ్యర్థకమే: తీసుకో, తెరువు, చదువు, అడుగు, ఆగు. ప్రథమ పురుష లేని కథ, విధ్యర్థకం తప్ప మరో క్రియారూపం ఎరుగని కథానాయకుడు! మన కావ్య సంప్రదాయంలో దీనికి సాటి వెదికినా దొరకదు.

ఈ వంశానికి మూలపురుషుడు విల్ క్రౌథర్ అనే అమెరికను. గుహలలో తిరగడం ఆయనకు వ్యసనం. కెంటకీలోని మామత్ గుహల సముదాయంలో తాను చూసిన దారులనే ఆధారం చేసుకొని 1975-76 ప్రాంతంలో 'అడ్వెంచర్' అనే ఆటను రచించాడు. 1977లో స్టాన్‌ఫర్డులో డాన్ వుడ్స్ దానిని పెంచి పెద్ద చేశాడు. ఆ వెంటనే ఎం.ఐ.టి. విద్యార్థులు 'జోర్క్' రచించారు. 1979లో వారే ఇన్ఫోకామ్ అనే సంస్థను స్థాపించారు. ఈ తొలి ఆటలలో పురుషార్థం ఒక్కటే. గుహలో నిధులున్నాయి, ఎత్తుకురావాలి. అవి ఎవరివి, ఎందుకు తేవాలి అన్న ప్రశ్నే పుట్టదు. తెచ్చినకొద్దీ మార్కులు పెరుగుతాయి. అంటే, చౌర్యమే ఇక్కడ పరమధర్మం. మృచ్ఛకటికంలో శర్విలకుడు గోడకు ఏ ఆకారంలో కన్నం వేయాలా అని శాస్త్రచర్చ చేస్తాడే, వాడిని తెచ్చి ఈ గుహల ముందు నిలబెడితే సొంత ఇంటికి వచ్చినట్టే ఉండేది.

ఇంగ్లండులో ఈ విద్యను అందుకున్నవారిలో మాగ్నెటిక్ స్క్రోల్స్ ఒకటి. 1984లో లండనులో అనీటా సింక్లేర్, కెన్ గోర్డన్, హ్యూ స్టీర్స్ కలిసి ప్రారంభించిన సంస్థ. (సింక్లేర్ కంప్యూటర్ల సర్ క్లైవ్ సింక్లేరుకూ ఈమెకూ చుట్టరికం లేదు. అయినా వీరి మొదటి ఆట 'ది పాన్' 1985లో వెలువడింది మాత్రం ఆయన చేసిన క్యూ.ఎల్. యంత్రం మీదే.) వీరు రెండింటికి ప్రసిద్ధులు. ఒకటి, మాటల పక్కన అందమైన నిశ్చల చిత్రాలను చేర్చడం. రెండవది, యంత్రానికి కాస్త మెరుగైన వ్యాకరణం నేర్పడం. తక్కిన ఆటలలో అనేకం 'దీపం తీసుకో' వంటి రెండు మాటల ఆజ్ఞతో తృప్తిపడుతుండగా, వీరి యంత్రం "కుండీమొక్కను తాపీతో మొక్కకుండీలో నాటు" అన్నంత ఆజ్ఞను అన్వయించగలిగేది. ఇంగ్లీషులో ఈ వాక్యం మరీ చిక్కు. నాటడానికీ మొక్కకూ వారిది ఒకటే శబ్దం. ఆ శబ్దమే ఒకచోట క్రియ, ఒకచోట నామం, ఒకచోట విశేషణం. ఆనాటి పత్రికలు ఈ వాక్యాన్ని చూసి ముచ్చటపడ్డాయి.

ఇక్కడ చిన్న పిడకల వేట. ఇలాంటి ఆటను తెలుగులో కడితే ఏమవుతుంది? ఇంగ్లీషు ఆజ్ఞలో క్రియ ముందుంటుంది. మొదటి మాట చూడగానే పని తెలిసిపోతుంది, మిగిలినది కర్మ. మనకు క్రియ చివర వస్తుంది. 'తాపీతో', 'కుండీలో', 'మొక్కను' అని విభక్తులు మాటకు అంటుకొని ఉంటాయి. అందుచేత మాటల వరుసను మార్చినా అర్థం చెడదు. "మొక్కను కుండీలో తాపీతో నాటు" అన్నా అదే పని. అయితే యంత్రం ముందుగా ప్రత్యయాలను విడదీయాలి, 'దీపాన్ని' అంటే 'దీపము + ని' అని గ్రహించాలి. ఇక "మొక్కకు మొక్కు" అన్నామంటే దానికి మతి పోవడం ఖాయం. బాలవ్యాకరణం చదివిన ప్రోగ్రామరు ఎవరైనా పూనుకుంటే బాగుండును. సరే, ప్రస్తుతానికి వద్దాం.

1987లో ఈ సంస్థ 'గిల్డ్ ఆఫ్ థీవ్స్' అనే ఆట తెచ్చింది. పేరులోనే ఉన్నది: చోరుల శ్రేణిలో సభ్యత్వం కోరే శిష్యుడవు నీవు, కోట అంతా దోచి నీ యోగ్యత నిరూపించుకోవాలి. దీని రచయిత రాబ్ స్టెగిల్స్. మరుసటి ఏడు, 1988లో, అదే స్టెగిల్స్ హ్యూ స్టీర్సుతో కలిసి మరొక ఆట రచించాడు. అందులో గుహలు లేవు, కోటలు లేవు, మంత్రగాళ్ళు లేరు. రంగస్థలం లండనులోని ఆర్థిక వాడ - 'సిటీ' అని వారు పిలుచుకునే చదరపు మైలు. నీవు ఒక షేర్ల దళారీ సంస్థలో అప్పుడే భాగస్వామివైన ఉద్యోగివి. కొత్త గది, కొత్త హోదా. చూస్తూ ఉండగానే తెలియవస్తుంది, ఈ గౌరవమంతా నిన్ను బలిపశువును చేయడానికేనని. ఎవరో అంతరంగిక సమాచారంతో షేర్ల వ్యాపారం చేశారు, ఆ నేరం నీ మెడకు చుట్టుకోబోతున్నది. సాక్ష్యం సంపాదించుకోలేకపోతే జైలు. ఆట పేరు 'కరప్షన్'. మనం 'అవినీతి' అనుకోవచ్చు.

చోరవిద్యను పరీక్షగా పెట్టిన కలమే ఏడాది తిరిగేసరికి ఇటు తిరగడం నాకు ఆశ్చర్యం గొలిపింది. కాని ఆ రెండేళ్ళలో లండనులో జరిగినదేమిటో చూస్తే ఆశ్చర్యం తగ్గుతుంది.

1986 అక్టోబరు 27న లండను స్టాక్ ఎక్స్ఛేంజి నియమాలు ఒక్క రోజున మారిపోయాయి. దానిని వారు 'బిగ్ బ్యాంగ్' అన్నారు. అంతవరకూ అక్కడ రెండు కులాలవారుండేవారు. షేర్లను తమ సొంత ఖాతాలో కొని అమ్మేవారు జాబర్లు. ఖాతాదారుని పక్షాన జాబరుతో బేరమాడేవారు బ్రోకర్లు. ఒకరి పని మరొకరు చేయరాదు. దస్తూరీ రేట్లకు కనీస పరిమితి ఉండేది. బిగ్ బ్యాంగుతో ఆ దస్తూరీ పరిమితి పోయింది, కులాల గోడ పడిపోయింది, బయటి బ్యాంకులు పాత దళారీ సంస్థలను మొత్తంగా కొనుక్కోవచ్చునన్నారు. బేరాలు అంగణం విడిచి కంప్యూటరు తెరల మీదికి, ఫోన్లలోకి మారాయి. స్టాక్ ఎక్స్ఛేంజి ధ్యేయవాక్యం లాటినులో ఉన్నది. "నా మాటే నా పత్రం" అని దాని భావం. ముఖాముఖీ మాట మీద నిలిచిన వ్యాపారం అది. కొనేవానికి సలహా చెప్పే సంస్థే పక్క గదిలో తన లాభానికి అమ్ముతుంటే ఆ మాట విలువ ఏమిటి? గోడ పోయినచోట ఊహలో మరో గోడ కట్టుకోండి, ఈ గదిలో మాట ఆ గదికి పోకూడదు అన్నారు. దానికి 'చైనా గోడ' అని పేరు.

గోడలకు చెవులుంటాయని మనకు తెలుసును. నెల తిరక్కముందే, 1986 నవంబరులో, మోర్గన్ గ్రెన్‌ఫెల్ అనే మర్చంటు బ్యాంకులో షేర్ల విభాగాధిపతి జెఫ్రీ కాలియర్ రాజీనామా చేశాడు. ఒక కంపెనీని మరొక కంపెనీ కొనబోతున్నదని ఉద్యోగరీత్యా తెలుసుకొని, ప్రకటన వెలువడకముందే తన కోసం షేర్లు కొన్నాడని అభియోగం. 1987 జులైలో నేరం ఒప్పుకున్నాడు. పడిన శిక్ష పన్నెండు నెలల జైలు, అదీ అమలుకాని శిక్ష, దానితోపాటు 25,000 పౌన్ల జరిమానా. ఆ నవంబరులోనే అమెరికాలో ఐవాన్ బోస్కీ ఇలాంటి నేరానికే పది కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాడు. డిసెంబరులో గిన్నెస్ సంస్థ మీద లండనులో ప్రభుత్వ విచారణ మొదలైంది. డిస్టిలర్స్ కంపెనీని స్వాధీనం చేసుకునే పోటీలో తన షేర్ల ధర పడిపోకుండా రహస్యంగా మిత్రులచేత కొనిపించిందన్నది ఆరోపణ. 1987 అక్టోబరు 19, 20 తేదీలలో మార్కెటు కూలి, లండను సూచీ రెండు రోజులలో ఐదోవంతుకు పైగా పడిపోయింది. 1988లో తీవ్రమైన మోసాల విచారణకు ఒక ప్రత్యేక కార్యాలయం పని ప్రారంభించింది. అంతరంగిక వ్యాపారానికి గరిష్ఠ శిక్షను రెండేళ్ళ నుండి ఏడేళ్ళకు పెంచిన చట్టం కూడా ఆ సంవత్సరానిదే. ఆట వెలువడినదీ ఆ సంవత్సరమే.

ఇంగ్లండులో ఈ పని నేరంగా లెక్కకు వచ్చినది 1980 కంపెనీల చట్టంతో మాత్రమే. అంతకుముందు అది మర్యాద కాదు, అంతే. మన దేశంలో సెబీ దీనిని నిషేధించే నిబంధనలు 1992లో చేసింది. ఇంత ఆలస్యమెందుకయిందో ఆలోచించవలసిన విషయం. దొంగతనంలో ఒక వస్తువు ఒకరి చేతిలోనుండి మరొకరి చేతికి పోతుంది. ఇక్కడ పోయిన వస్తువేది? కొన్నవాడు డబ్బిచ్చే కొన్నాడు. అమ్మినవాడు ఇష్టపడే అమ్మాడు. నేరమంతా ఒక మాట ముందుగా చెవిన పడటంలోనూ, ఆ చెవి గలవాడు ఊరుకోకపోవడంలోనూ ఉన్నది.

మా ఊరి సంగతి ఒకటి చెబుతాను. 1990 దశకంలో ఒక ప్రయివేటు ఫైనాన్సు సంస్థ ఉండేది. బ్యాంకుకంటె వడ్డీ ఎక్కువ. మా బడిలో హిందీ పండితుడు, నాకంటె పెద్దవాడు, కూతురి పెళ్ళికని కూడబెట్టిన సొమ్ము అందులో వేశాడు. ఒక సోమవారం నాడు తలుపులకు తాళం. తరువాత తెలిసినదేమంటే, అంతకుముందు వారంలోనే లోపలి ఉద్యోగుల బావమరదులూ వియ్యంకులూ తమ డిపాజిట్లన్నీ తీసేసుకున్నారని. ఎవరూ ఎవరి జేబూ కొట్టలేదు. వారి డబ్బు వారు రసీదు ఇచ్చి పుచ్చుకున్నారు. కాని పెట్టెలో ఉన్నది కొంతే, అది ముందు విన్నవారికి సరిపోయింది. ఆయన మాత్రం "వాళ్ళు నన్ను దోచుకోలేదండీ, నాకు చెప్పలేదు, అంతే" అనేవారు. ఆ 'అంతే'లో ఉన్న నేరానికి పేరు పెట్టడానికి ఇంగ్లండుకు 1980 దాకా పట్టింది.

కనుకనే ఈ నేరానికి మాటల ఆటకంటె తగిన రూపం లేదని నేనంటాను. నిధుల ఆటలో ప్రధాన క్రియ 'తీసుకో'. 'కరప్షన్'లో ప్రధాన క్రియలు 'విను', 'ఆగు', 'అడుగు'. వస్తువులు లేకపోలేదు, కాగితాలూ తాళాలూ ఉన్నాయి. కాని గెలుపు నిర్ణయించేది నీ సంచిలో ఏమున్నదని కాదు, ఏ వేళకు ఏ గది తలుపు వద్ద ఉన్నావన్నది. ఈ ఆటలో కాలం గడుస్తూనే ఉంటుంది. నీవు చేసే ప్రతి పనీ కొంత కాలాన్ని తింటుంది. నీవు చూస్తున్నా చూడకపోయినా తక్కిన పాత్రలు తమ తమ పనులమీద ఒక గదినుండి మరొక గదికి తిరుగుతూ ఉంటాయి, మాట్లాడుకుంటూ ఉంటాయి. ఆ మాటలు వినవలసిన వేళ నీవు మరోచోట సొరుగులు వెదుకుతూ కూర్చుంటే అవి గాలిలో కలిసిపోతాయి. గడియారంతో నడిచే కథ వీరి సృష్టి కాదు. 1982లోనే ఇన్ఫోకామ్ 'డెడ్‌లైన్' అనే హత్యాపరిశోధన ఆటలో దానిని చేసింది. కాని అక్కడ నీవు పరిశోధకుడవు, ప్రశ్నించే అధికారం నీకున్నది. ఇక్కడ నిందితుడవు కాబోయేవాడివి. నిర్దోషివే, కాని నిర్దోషిత్వం నీకేమీ ఉపకరించదు. నిరూపణ భారం నీదే. పెట్టెలో ఒక క్యాసెట్టూ, జూదశాలలో వాడే బిళ్ళ ఒకటీ పెట్టి అమ్మారు. బిళ్ళ సంగతి ఎలా ఉన్నా, వినవలసిన ఆటకు క్యాసెట్టు జతచేయడం ఔచిత్యం తెలిసినవారి పని.

ఇక అసలు తమాషా. ఈ ఆటను మొదటిసారే గెలవడం దాదాపు అసాధ్యం. ఎవరు ఏ వేళకు ఎక్కడ మాట్లాడుకుంటారో ముందుగా తెలియదు గదా! ఆడాలి, చెడాలి, జైలుకు పోవాలి. అప్పుడు పాత స్థితికి తిరిగి వెళ్ళి, మళ్ళీ ఆడాలి. ఈసారి సరిగ్గా ఆ వేళకు ఆ తలుపు పక్కన చేరి నిలబడాలి. ఆనాటి విమర్శకులు కొందరు దీనిని తప్పు పట్టారు. కథలోని మనిషికి తెలిసే అవకాశం లేని సంగతిని ఆడేవాడు తెలుసుకొని వస్తున్నాడన్నారు. నిజమే, శిల్పదృష్టితో అది లోపమే, నాకూ విసుగు పుట్టించింది. కాని మిత్రులారా, జరగబోయేది ముందే తెలిసినవాడు, ఆ తెలివిడితో ఇతరులకంటె ఒక అడుగు ముందు నడిచి లాభం పొందేవాడు - వాడిని ఏమంటారు? అంతరంగిక సమాచారం కలవాడనే గదా. ఏ నేరం మోపబడి నీవు అల్లాడుతున్నావో ఆ నేరం చేయకుండా బయటపడే దారి లేదు! అది చాలదన్నట్టు, దారి తోచనివారి కోసం పుస్తకంలో గూఢలిపిలో సూచనలు ముద్రించారు. ఆ అక్షరాలను టైపు చేస్తే యంత్రమే రహస్యం చెబుతుంది. రచయితలు ఈ వ్యంగ్యాన్ని ఉద్దేశించి పెట్టారని నేను చెప్పను. కావ్యంలో కవి ఎరుగని ధ్వని ఉండవచ్చునన్నది మనకు కొత్త కాదు.

ఉద్దేశించని వ్యంగ్యం మరొకటి కూడా ఉన్నది. ఈ ఆటను ప్రచురించినది రెయిన్‌బర్డ్ అనే పేరుతో నడిచే ఒక శాఖ. దాని యజమాని ఎవరనుకున్నారు? బ్రిటిష్ టెలికామ్. అనగా, 1984 నవంబరు దాకా ప్రభుత్వ ఆస్తి అయిన టెలిఫోను సంస్థ. అప్పుడు సగానికి పైగా వాటాను ప్రజలకు అమ్మారు. అంతకుముందు జన్మలో షేరు ముఖం చూడని గుమాస్తాలూ బడిపంతుళ్ళూ మొదటిసారి షేరుదారులైనది ఆ అమ్మకంతోనే. వారిని మార్కెట్టుకు తీసుకువచ్చిన సంస్థే, నాలుగేళ్ళకు, ఆ మార్కెట్టు లోపలి గదులలో ఏమి మాట్లాడుకుంటారో చెప్పే ఆటను అచ్చువేసి అమ్మింది.

ఆ కాలంలో ఈ వస్తువును పట్టుకున్నవారు వీరొక్కరే కారు. 1987లో కేరిల్ చర్చిల్ అనే నాటకకర్త్రి 'సీరియస్ మనీ' అనే నాటకాన్ని ప్రాసబద్ధమైన పద్యంలో రాసింది. షేరు దళారులు ఫోనులో పద్యం మాట్లాడతారు! 1692 నాటి షాడ్వెల్ నాటకంలోని ముక్కతో అది మొదలవుతుంది, ఈ దళారుల బేరాలు మూడు వందల ఏళ్ళనాడూ ఇలాగే ఉండేవని చూపడానికి. సాహిత్యదృష్టితో ఆ నాటకం ముందు మన ఆట నిలవదు. ఆటలో పాత్రలు పలచన, అడిగిన ప్రశ్నకు సగం వేళల "తెలియదు" అన్న ధోరణిలో జవాబు. కాని నాటకంలో ప్రేక్షకుడు దళారిని చూసి నవ్వి ఇంటికి పోతాడు. ఆటలో తలుపు పక్కన నక్కి వింటున్నవాడు తానే.

గిన్నెస్ వ్యవహారం 1990లో తీర్పుకు వచ్చింది. నలుగురికి శిక్ష పడింది. సంస్థ అధిపతి ఎర్నెస్ట్ సాండర్స్‌కు ఐదేళ్ళు. అప్పీలులో అది సగమైంది. ఆయన అక్కడితో ఊరుకోలేదు. కంపెనీల విచారణాధికారులు అడిగినప్పుడు జవాబు చెప్పకపోవడం చట్టప్రకారం శిక్షార్హం. అలా బలవంతాన చెప్పించిన మాటలనే తిరిగి క్రిమినలు కోర్టులో తనమీద ప్రయోగించారని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానానికి ఎక్కాడు. 1996 డిసెంబరులో ఆ న్యాయస్థానం ఆయన మాటే నిజమన్నది, న్యాయమైన విచారణ జరగలేదన్నది. ఆయన చేసిన పనిమీద నాకు గౌరవం లేదు. అయినా ఆ తీర్పు సబబే అనిపిస్తుంది. విధ్యర్థకంలో 'చెప్పు' అని ఆజ్ఞాపించి రాబట్టిన మాటకు సాక్ష్యపు విలువ ఎంత అన్నది మన హిందీ పండితుని సొమ్ముకంటె చిన్న ప్రశ్న కాదు.

మాగ్నెటిక్ స్క్రోల్స్ ఎంతో కాలం నిలవలేదు. 1989లో బ్రిటిష్ టెలికామ్ తన ఆటల శాఖలను మైక్రోప్రోస్ అనే సంస్థకు అమ్మివేసింది. 1990లో 'వండర్‌లాండ్' వచ్చింది, ఆపై కొద్దికాలానికే సంస్థ కనుమరుగైంది. బొమ్మలు మాటలను మింగివేశాయి. అయితే ఆట చదివించగల వ్యాఖ్యాత ప్రోగ్రాములను 1990 దశకం చివరనుండి అభిమానులు రాసిపెట్టారు. వాటి పుణ్యమా అని నేటి యంత్రాలమీద కూడా అది నడుస్తుంది. నేను ఆడినదీ అలాగే, మా అబ్బాయి అమర్చిపెట్టగా. 2017లో మరొక విశేషం జరిగింది. అటకలకెక్కిన పాత బ్యాకప్ టేపులనుండి ఆ సంస్థ ఆటల మూలప్రతులను వెలికితీశారు. జీర్ణించిన తాళపత్రాలను నూనె రాసి విప్పినంత జాగ్రత్తతో ఆ టేపులను చదివించవలసి వచ్చింది. 'అయస్కాంతపు చుట్టలు' అని పేరు పెట్టుకున్నవారికి తగిన పనే. ఆ ఆటలను మళ్ళీ వెలికి తెచ్చే పనికి పూనుకున్నవారిలో హ్యూ స్టీర్స్ ఉన్నాడు, అవినీతి కథను స్టెగిల్సుతో కలిసి రాసిన ఆ స్టీర్సే.